నూనెకు పరీక్ష ఉంది, సీసాకు లేదు

సంతలో కొబ్బరినూనె అమ్మే చోట కాసేపు నిలబడితే ఒక సంగతి గమనించవచ్చు. పావులీటరు నూనె అడిగినవారికి వర్తకుడు పక్కనున్న పాత ప్లాస్టిక్ సీసా తీసి, తుడిచి, నూనె పోసి ఇస్తాడు. అందులో అంతకుముందు ఏముందో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. నూనె వాసన చూసి కొనేవారున్నారు గాని, సీసా సంగతి అడిగేవారు లేరు.

పాత్ర గుణం పదార్థానికి అంటుతుందన్న విషయం మన పల్లెలకు కొత్త కాదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచరు. ఆవకాయ జాడీలోనే పెడతారు. అయితే ఇత్తడి చిలుము కంటికి కనిపిస్తుంది. ప్లాస్టిక్ నుంచి దిగేది కనిపించదు.

ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి, రంగు రావడానికి, ఎండకు పెళుసెక్కకుండా ఉండడానికి రకరకాల రసాయనాలు కలుపుతారు. పైన అచ్చువేసే సిరా, పొరలను అంటించే జిగురు, మూతలోని బిళ్ల వీటికి అదనం. వీటిలో కొన్ని నూనె గాని, స్పిరిట్ గాని తగిలితే అందులోకి దిగుతాయి. గోళ్లరంగు ఇప్పటికీ గాజు సీసాల్లోనే వస్తున్నదంటే, అందులోని ద్రావకానికి చాలా రకాల ప్లాస్టిక్ తట్టుకోలేకపోవడమే కారణం. ప్రతి ప్లాస్టిక్ సీసా విషమని దీని అర్థం కాదు. గట్టి పాలిథిన్ సీసాలకు మెత్తబరచే రసాయనం అవసరమే లేదు.

అలా మెత్తబరచే థాలేట్లలో కొన్ని సంతానోత్పత్తి శక్తిని దెబ్బతీస్తాయని తేలడంతో, ఐరోపా దేశాల కూటమి 2004లో వాటిని సౌందర్య సాధనాల్లో కలపరాదని నిషేధించింది. కలపకపోయినా డబ్బా నుంచి దిగితే ఏమిటన్న ప్రశ్న మిగిలింది. అందుకే అక్కడి 2009 నాటి చట్టం ప్రకారం సరుకు భద్రతా నివేదికలో ప్యాకింగు వివరాలు కూడా ఉండాలి.

మన దేశంలో తినే వస్తువుల డబ్బాలకు ఇటువంటి కొలత ఉంది. ప్లాస్టిక్‌ను నీళ్లలో, పలచటి అసిటిక్ ఆమ్లంలో, స్పిరిట్ కలిపిన నీళ్లలో 40 డిగ్రీల వేడి వద్ద 10 రోజులు ఉంచుతారు. నూనె సరుకుల కోసమైతే హెప్టేన్ వంటి ద్రావకం వాడతారు. తర్వాత దాన్ని ఇగిర్చి, అడుగున మిగిలినది తూస్తారు. 2018 నాటి ఆహార ప్యాకింగు నిబంధనల ప్రకారం అది కిలోకు 60 మిల్లీగ్రాములు మించరాదు.

ఒంటికి రాసుకునే వస్తువుల విషయం వేరు. 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నియమాలు రంగుల్లో సీసం లోహం పది లక్షల పాళ్లకు 20 పాళ్లు, ఆర్సెనిక్ 2 పాళ్లు దాటరాదన్నాయి. డబ్బా నుంచి ఎంత దిగవచ్చో చెప్పే అంకె మాత్రం వాటిలో లేదు.

ఈ తేడా ఎంత విచిత్రమో కొబ్బరినూనే చెబుతుంది. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె తిండి నూనెనా, తలనూనెనా అన్న పన్ను తగాదా ఏళ్ల తరబడి నడిచింది. తలనూనె అని ముద్రిస్తే తప్ప అది తిండి నూనేనని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను మాట అటుంచితే, నూనె ఒకటే, సీసా ఒకటే అయినా, పైన చీటీ మారితే సీసాకు 60 మిల్లీగ్రాముల హద్దు వర్తించకుండా పోతున్నది. చిన్నపిల్లలకు ఒళ్లంతా పట్టించే నూనె విషయంలో ఇది తేలికగా తీసుకోదగ్గది కాదు.

పల్లెల్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి చిన్న ప్యాకెట్లు. 5 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవున్న ప్యాకెట్‌లో 6 మిల్లీలీటర్ల సరుకుంటే, ఒక్కో మిల్లీలీటరుకు 10 చదరపు సెంటీమీటర్ల ప్లాస్టిక్ తగులుతుంది. లీటరు సీసాలో అది ఒక చదరపు సెంటీమీటరైనా ఉండదు. అంటే రూపాయి, రెండు రూపాయలు పెట్టి కొనేవారి సరుకుకే ప్లాస్టిక్ తాకిడి పది రెట్లకు పైన. షాంపూ అయితే నీళ్లతో పోతుంది. నూనె, క్రీము, కాటుక ఒంటిమీదే ఉంటాయి.

వేడి పెరిగినకొద్దీ రసాయనాలు దిగే వేగం పెరుగుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటిన వేసవులున్నాయి. రేకుల కప్పు కింద తోరణాల్లా వేలాడే ప్యాకెట్ల వేడి ఇంకా ఎక్కువ. సౌందర్య సాధనాల డబ్బాలకు హద్దు పెట్టేటప్పుడు 40 డిగ్రీల పరీక్షతో సరిపెట్టకుండా, చిన్న ప్యాకెట్లను విడిగా, మన వేసవి వేడిలో పరీక్షించేట్టు నియమం ఉండాలి.

ఇంటి నుంచి గాజు సీసాయో, స్టీలు గిన్నెయో పట్టుకెళ్లి నూనె తెచ్చుకోవడం పాత అలవాటే. సంతలోని పాత సీసాకు బ్యాచి నంబరుండదు, తయారీదారు చిరునామా ఉండదు. పిల్లకు దద్దుర్లు వచ్చాయని ఔషధ తనిఖీ అధికారికి ఫిర్యాదు చేసినా, ఆయన ఏ ఫ్యాక్టరీ తలుపు తట్టగలరు?