గొల్లభామను పెంచవలెనా?

ఇటీవల కొందరు రైతులు, ముఖ్యముగా పెరటిలో కూరగాయలు పండించువారు, గొల్లభామ గ్రుడ్ల గూళ్లు ఎక్కడ దొరకునని, వాటిని పొదిగించి తోటలో వదలినచో మందులు కొట్టు పని తప్పునా అని అడుగుచున్నారు. సెల్‌ఫోనులో ఎవరో చూపిన బొమ్మలను చూచి వెల పెట్టి గ్రుడ్లు కొనుటకు గూడ సిద్ధపడినవారు కలరు. ఈ విషయమున నా అభిప్రాయము సూటిగా చెప్పెదను. గొల్లభామను కాపాడవలసినదే. పిల్లలు ఒకదానిని సీసాలో పెంచి చూచుటయు మంచిదే. కాని పైరుకు పట్టిన పురుగును ఇది అణచునని నమ్మి డబ్బు పెట్టుట తగదు.

ముందు పేరు సంగతి. గొల్లభామ అను పేరు ఒక చోట ఒక పురుగునకు, మరియొక చోట మరియొక దానికి వాడుకలో నున్నది. కొన్ని ఊళ్లలో ఆకుపచ్చని మిడుతను గూడ ఇట్లే పిలుతురు. ఈ చిక్కు చిన్నది కాదు. ఒక కూరగాయల రైతు సీసాలో ఒక పురుగును పట్టి నా యొద్దకు తెచ్చి, "అయ్యా, వంగతోట నిండా ఇవే తిరుగుచున్నవి. దుకాణములో మందు ఇచ్చినారు, మోతాదు చెప్పండి" అని అడిగెను. సీసాలో నున్నది గొల్లభామ. దుకాణదారునికి పురుగును చూపలేదట, పేరు మాత్రమే చెప్పినాడట. అతడు మిడుత అనుకొని మందు అంటగట్టినాడు. అప్పు మీద తెచ్చిన ఆ మందు చల్లియున్నచో తోటలోని మిత్రపురుగులన్నియు చచ్చియుండెడివి. ఆ మరునాడే అతని భార్య వంకాయలు కోసి సంతకు తీసికొనిపోయి యుండెడిది. అదృష్టవశమున మందు డబ్బా మూత తీయలేదు గనుక దానిని దుకాణములో తిరిగి ఇచ్చివేసినాడు. దుకాణదారుడు కొంత సణిగెనట, అది వేరు సంగతి.

కనుక గుర్తులు తెలిసికొనవలెను. మిడుతకు వెనుక కాళ్లు లావుగా, ఎగురుటకు అనువుగా నుండును. మెడ పొట్టి. అది ఆకును కొరికి తినును. నేను చెప్పు గొల్లభామకు మెడవలె సాగిన పొడవైన రొమ్ము, దానిపై మూడు మూలల తల యుండును. మనము అటు పోయిన అటు, ఇటు వచ్చిన ఇటు తల త్రిప్పి చూచును. ముందు కాళ్లు రెండును ముండ్లతో, కొడవలివలె మడచి యుండును. దండము పెట్టుచున్నట్లు కనబడుటచే ఇంగ్లీషువారు దానికి ప్రార్థించు పురుగు అని పేరు పెట్టిరి. నిజమునకు అది ప్రార్థన కాదు, మాటు. ఇది ఆకు ముట్టదు. దీనికి విషము లేదు. చేతితో గట్టిగా పట్టినచో ముండ్లు గ్రుచ్చుకొనుట తప్ప మనుష్యునకు హాని లేదు.

ఇంతటి వేటగానిని తోటలోనికి తెచ్చుకొనుటకు వెనుకాడుట దేనికని అడుగవచ్చును. అది వేటాడు తీరు చూడుడు. ఇది వెదకి వేటాడదు. ఒక కొమ్మపై కదలక కూర్చుండి, తన కాళ్లకు అందినంతలో కదలిన ప్రాణిని పట్టును. అది పచ్చపురుగు కావచ్చును, తేనెటీగ కావచ్చును, పేనుబంకను తిను అక్షింతల పురుగు కావచ్చును, తన తోబుట్టువే కావచ్చును. దానికి శత్రువు, మిత్రుడు అను భేదము లేదు. మరి మన పైర్లను పాడుచేయు ముఖ్యమైన పురుగులు ఎక్కడ నుండును? వరిలో కాండము తొలుచు పురుగు కాండము లోపల, దోమ దుబ్బు మొదట, పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపల. చిటారు కొమ్మన కూర్చున్న గొల్లభామకు వీటిలో ఏది అందును?

ఇంకొక సంగతి. పేనుబంక పుట్టిన వారము పది దినములలోనే పిల్లలను పెట్టసాగును. గొల్లభామ పిల్ల పెరిగి పెద్దదగుటకే నెలలు పట్టును. తెగులు పెరిగినకొలది తానును పెరుగగల శక్తి దానికి లేదు. పైరును గట్టెక్కించు మిత్రపురుగునకు ముందుగా కావలసినది ఆ శక్తియే. 2008లో తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతమున కనబడిన బొప్పాయి పిండినల్లి సంగతి పలువురకు జ్ఞాపకముండును. అది బొప్పాయిని, మల్బరీని, కర్రపెండలమును పట్టి పీడించినది. మందులు చల్లి చల్లి రైతులు విసిగిరి. 2010లో బెంగుళూరులోని కేంద్ర కీటక సంస్థ ద్వారా ప్యూర్టోరికో నుండి అసిరోఫాగస్ అను అతి చిన్న పరాన్నజీవిని తెప్పించి వదలిరి. అది ఆ పిండినల్లినే ఆశ్రయించి బ్రతుకునది, త్వరగా వృద్ధి పొందునది. తెగులు అణగినది. అట్లే ట్రైకోకార్డు ఒక్కదానిపై సుమారు 20 వేల పరాన్నజీవి గ్రుడ్లుండును. వాటి నుండి వచ్చు ట్రైకోగ్రామా రెక్కల పురుగుల గ్రుడ్లను వెదకి వాటిలోనే తన గ్రుడ్లు పెట్టును. డబ్బు పెట్టదలచినవారు వీటికి పెట్టుడు.

వెల పెట్టి గొల్లభామలను కొని వదలిన దేశము అమెరికా. 1896లో ఫిలడెల్ఫియా దగ్గర చైనా గొల్లభామ మొదట కనబడినది. 1899లో న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు వద్ద యూరపు గొల్లభామ కనబడినది. తరువాత చైనా రకపు గ్రుడ్ల గూళ్లు తోటల దుకాణములలో అమ్మకపు సరకైనవి. అది చాల పెద్ద రకము. సీతాకోకచిలుకలను, తేనెటీగలను మాత్రమే గాక, పూలతేనె త్రాగ వచ్చిన చిన్న హమ్మింగు పక్షులను గూడ పట్టిన సందర్భములు నమోదైనవి. నేడు అక్కడి ప్రకృతి శాస్త్రజ్ఞులలో పలువురు వాటిని కొని వదలవద్దనుచున్నారు. కనెక్టికటు రాష్ట్రము మాత్రము 1977లో యూరపు గొల్లభామనే తన రాష్ట్ర కీటకముగా ఎన్నుకొన్నది. వలస వచ్చిన పురుగునకు దక్కిన గౌరవమది! మనకు ఆ ముచ్చట వద్దు. విదేశపు సజీవ కీటకములను అనుమతి లేక తెప్పించుట 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తర్వుకు విరుద్ధమని గూడ గుర్తుంచుకొనవలెను. మన చేల గట్ల మీద కావలసినన్ని రకములున్నవి. ఎండుటాకు ముక్కవలె కనబడు సన్నని రకమొకటి దక్షిణ భారతమున, సింహళములో కలదు. దానిని చూచినవారు పురుగని నమ్మరు.

అట్లయిన పెంచుట దేనికి? కన్ను తెరచుటకు. పాఠశాలలో పిల్లవాడు ఒక గొల్లభామను రెండు నెలలు పెంచినచో, తరువాత తండ్రి మందు డబ్బా పట్టుకొన్నప్పుడు "నాన్నా, ఏ పురుగుకు కొట్టుచున్నావు?" అని అడుగును. మన ఉపన్యాసముల కంటె ఆ ప్రశ్నకు బలమెక్కువ. ఇది పిల్లలాట, శాఖ వారి పని కాదని మాలో కొందరు అందురు. నేను ఒప్పుకొనను.

పెంచు పద్ధతి కష్టము కాదు. కంది, పత్తి కట్టెలపై, కంచె మొక్కలపై, నిమ్మ కొమ్మలపై గోధుమ రంగు నురుగు గట్టిపడినట్లు, కుంకుడుకాయంత గ్రుడ్ల గూడు కనబడును. దానికి ప్రక్కల సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రములున్నచో విడిచిపెట్టుడు. అందులోని గ్రుడ్లను చిన్న కందిరీగ జాతి పరాన్నజీవులు తిని బయటికి పోయినవి. మంచి గూడును పుల్లతో సహా కోసి, వెడల్పు మూతి గాజు సీసాలో నిలువుగా నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టవలెను. ఎండ తగులనీయరాదు. గూడు పెట్టిన నాటి నుండి వేడిని బట్టి మూడు మొదలు ఆరు వారములలో పిల్లలు వెడలును. పెద్ద రకములలో ఒక్క గూటి నుండి నూటికి పైగా పిల్లలు ఒక్క ఉదయముననే దారములకు వ్రేలాడుచు దిగుటయు కలదు. అది చూడదగిన దృశ్యము.

ఆ దినముననే నాలుగైదింటిని మాత్రము వేరు వేరు సీసాలలో నుంచుకొని, తక్కిన వానిని చెట్లపై విడిగా వదలవలెను. కలిపి ఉంచినచో ఒకదానినొకటి తినివేయును. అతిగా పండిన అరటిపండు ముక్కను ఉంచినచో దానికి చేరు చిన్న ఈగలే మొదటి ఆహారము. పెరిగినకొలది ఇంటి ఈగలు, చిన్న మిడుతలు ఇవ్వవచ్చును. మందు చల్లిన చేనిలోని పురుగులను పెట్టరాదు. దినమునకొకసారి గోడపై సన్నగా నీరు చిలుకరించిన చాలును, ఆ బొట్లు త్రాగును. సీసా ఎత్తు పురుగు పొడవునకు మూడింతలకు తక్కువ గాకుండ చూడుడు. అది తలక్రిందులుగా వ్రేలాడి కుబుసము విడుచును. జాగా చాలనిచో కాళ్లు వంకరపోయి చచ్చును. కుబుసమునకు ముందు ఒకటి రెండు దినములు మేత ముట్టదు. జబ్బు చేసినదని కంగారుపడి కదలింపవద్దు. ఇట్లు ఆరు మొదలు తొమ్మిది మారులు కుబుసము విడచి రెక్కలు పొందును. పట్టుపురుగువలె దీనికి గూడు కట్టు దశ లేదు. పెద్దదైన తరువాత చెట్టుపై వదలివేయవలెను.

ఆడది మగదానిని తినునను మాట నిజమే గాని, ప్రతిసారి జరుగదు. ఇంతకంటె వింత దాని చెవి. చాల రకములకు చెవి ఒక్కటే, అదియు రొమ్ము క్రింద వెనుక కాళ్ల నడుమ! గబ్బిలము చేయు, మన చెవికి అందని ధ్వనిని వినుటకు అది పనికివచ్చుననియు 1986లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇక కాపాడుట సంగతి. ఇందులో ఒక ఇరకాటము కలదు. పత్తి తీత ముగిసిన వెంటనే కట్టె పీకి తొలగించవలెనని శాఖ చెప్పుచున్నది. ఎండిన కాయలలో గులాబీ రంగు పురుగు దాగి మరుసటి పైరుకు దిగును గనుక ఆ సలహా సరియైనదే. దానిని సడలింపరాదు. కాని అదే కట్టెపై గొల్లభామ గూళ్లును ఉండును. కట్టె తగులబెట్టినచోట అవియు బూడిద అగుచున్నవి. కట్టె పీకు దినమున ఇద్దరు పిల్లలు వరుసల వెంట నడచి, గూడున్న పుల్లను జానెడు మేర కత్తిరించిన చాలును. ఆ పుల్లకు ఎండుకాయ ఒక్కటియు ఉండకుండ చూచుకొనవలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు కట్టె తొలగింపు కార్యక్రమము జరుపునప్పుడు ఈ పనిని గూడ చేర్చవలెనని కోరుచున్నాను. దీనికి ప్రత్యేకముగా ఖర్చు లేదు.

సేకరించిన పుల్లలను గట్టు మీది కంది మొక్కలకు, కంచెకు, వంగ, బెండ మడుల అంచులకు గోనె పురికొసతో రొమ్మెత్తున కట్టుడు. దోస, గుమ్మడి పాదుల దగ్గర కట్టవద్దు. ఆ పూవులు కాయ కట్టుటకు తేనెటీగలు రావలెను. తేనెపెట్టెలున్న చోటికి దూరముగా నుంచుడు. ఒక్కొక్క చెట్టుకు ఒక్క గూడు మాత్రమే. చీమల బారులున్న చెట్టును వదలి వేరొక దానిని ఎంచుకొనుడు. క్రొత్తగా దిగిన పిల్లలు మెత్తగా నుండి చీమల పాలగును.