ద్రాక్షసీమలో ఇల్లు

ఫ్రాన్సు దేశానికి నైరుతిన, గరోన్ నదీతీరాన వెలసిన నగరం బోర్డో. దాని చుట్టూ కనుచూపు మేర ద్రాక్షతోటలే. సమీపాన ఉన్న సెంట్ ఎమిలియన్ సీమను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2017లో అతివేగ రైలుమార్గం పూర్తయి పారిస్ నుండి ప్రయాణం రెండు గంటల పైచిలుకుకు తగ్గింది. ఇక చెప్పవలసినదేమున్నది! విహారానికి వచ్చినవారు అక్కడొక ఇల్లు కొనాలని ముచ్చటపడుతున్నారు. చైనా సంపన్నులు నూరుకు పైగా తోటలను భవనాలతో సహా కొన్నారు.

కొనడాన్ని నేను తప్పుపట్టను. కాని ఇల్లు వేరు, తోట వేరు. తాళం వేసి వెళ్లినా ఇల్లు కొన్నేళ్లు నిలుస్తుంది, ద్రాక్షతీగ నిలవదు. ఏటా శీతకాలంలో తీగలను కత్తిరించాలి, వేసవిలో తెగుళ్ల నుండి కాపాడాలి. ఆలనాపాలనా లేని తోటలోని తెగులు పొరుగు తోటకూ పాకుతుంది.

అందుకే కాబోలు, వ్యవసాయభూమి అమ్మకానికి వచ్చినప్పుడు ఇతరులకంటె ముందుగా తానే కొని సాగుదారుకు అప్పగించే హక్కును అక్కడి చట్టం 'సఫేర్' అనే సంస్థకిచ్చింది. ఇది సొంత ఆస్తిపై పెత్తనమని కొందరి ఆక్షేపణ. నాకు మాత్రం న్యాయంగానే తోస్తుంది. భూమిని కాక, భూమి గల కంపెనీ వాటాలను కొని ఈ హక్కును తప్పించుకున్నవారూ ఉన్నారు. 2021 నాటి చట్టం వారికీ కళ్లెం వేయబూనింది.

ఇంతలో ఎర్ర ద్రాక్షాసవానికి గిరాకీ తగ్గింది. తోటలను పెరికివేసే రైతుకు హెక్టారుకు 6,000 యూరోలిచ్చే పథకం 2023లో వచ్చింది. నేల చౌకగా దొరుకుతున్నదని సంబరపడే కొనుగోలుదారు, తీగ కత్తిరించే మనిషి ఆ ఊళ్లో మిగిలాడా అని ముందుగా విచారించాలి.