ఆ 30 శాతం సంగతి

జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) దక్కకున్నా జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో అర్హులైన వారిని పీహెచ్‌డీలో చేర్చుకునేందుకు ఆ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుందని యూజీసీ 2024లో ప్రకటించింది. సైన్సు విద్యార్థుల సీఎస్‌ఐఆర్ నెట్‌దీ అదే దారి. ఊరికో ప్రవేశ పరీక్ష రాసే బాధ తగ్గడం మంచిదే. మరి ఆ 30 శాతం మాటేమిటి? ఎమ్మెస్సీ రెండేళ్లూ ల్యాబు తాళం సరిగా తీయని కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయిని, నీ ప్రయోగంలో కంట్రోల్ ఏమిటని ఇంటర్వ్యూ బోర్డు అడుగుతుంది. తడబడితే తప్పు ఆమె ఒక్కదానిదేనా? తెలుగులో ఆలోచించి ఇంగ్లిషు మాట వెతుక్కునేవారికి నాలుగు నిమిషాలు ఎక్కువిస్తే బోర్డుకు పోయేదేమీ లేదు. దరఖాస్తు రుసుములు, ఇంటర్వ్యూలకు వెళ్లే రైలు ఛార్జీలు ఎలాగూ పిల్లల నెత్తినే. మన విశ్వవిద్యాలయాలు తొలి వడపోతైనా ఆన్‌లైన్‌లో జరపాలి. ఇంటర్వ్యూ మార్కులు దేనికెన్ని వేశారో అభ్యర్థికి చూపాలి.