నిలకడకు పెట్టిన పందెము

పందెమనగానే లోకమునకు మొదట తోచునది వేగము. పాఠశాలల వార్షికోత్సవములలో నూరు మీటర్ల పరుగునకున్న గౌరవము మరి దేనికిని లేదు. ఈల మ్రోగిన తరువాత పదునైదు ఇరువది సెకనులలో అంతయు ముగియును. మొదట వచ్చిన ముగ్గురకు బహుమానము లభించును. తక్కినవారు చప్పట్లు కొట్టుటకు మిగులుదురు. తాబేలు, కుందేలు పందెము వేసికొన్న కథ నెరుగని తెలుగు బాలుడుండడు. విచిత్రమేమనగా, తరగతి గదిలో ఆ కథ చెప్పిన ఉపాధ్యాయుడే మైదానములోనికి వచ్చిన పిదప కుందేలు మెడలో పతకము వేయుచున్నాడు. బోధన యొకటియు ఆచరణ మరియొకటియు అయినప్పుడు పిల్లలు ఆచరణనే నమ్ముదురు.

ఈ విషయమును విచారించుటకు నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు తగిన చోటు. శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు దేశమును నిలువున దాటిపోవు 44వ నంబరు జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు పోవు 63వ నంబరు రహదారియు అచ్చట కలిసికొనును. పసుపు పంటకు ఆ ప్రాంతము పెట్టినది పేరు. జనవరి మొదలుకొని మార్చి వరకు త్రవ్వకము, ఉడకబెట్టుట, కల్లములలో ఆరబోయుట ఒకదాని వెంట ఒకటి సాగుచుండును. సరిగా అట్టి కాలమున, 2021 మార్చి 22వ తేదీని, ఆదిల్ తేలీ యను కాశ్మీరు యువకుడు శ్రీనగరములోని లాల్ చౌకు నుండి సైకిలుపై బయలుదేరెను. ఢిల్లీ, ఆగ్రా, గ్వాలియరు, హైదరాబాదుల మీదుగా సుమారు 3,600 కిలోమీటర్లు త్రొక్కి, 8 దినముల 1 గంట 37 నిమిషములలో కన్యాకుమారి చేరెను. ఆనాటికి ఆ దారిలో అంత తక్కువ కాలమున పోయినవారు లేరు. అంతకు నాలుగు నెలల క్రిందట, 2020 నవంబరులో, నాసికు వాస్తవ్యుడు ఓం మహాజన్ అదే ప్రయాణమును 8 దినముల 7 గంటల 38 నిమిషములలో ముగించియుండెను. అప్పటి కతని వయస్సు 17 సంవత్సరములు. 2023 మార్చిలో శ్రీనగరము నుండి కన్యాకుమారికి ఏకముగా ఒక పందెమే జరిగినది.

ఈ ప్రయాణముల గొప్పతనము ఎందున్నది? లెక్క వేసి చూచినచో ఆశ్చర్యము కలుగును. 3,600 కిలోమీటర్లను ఆదిల్ తేలీకి పట్టిన గంటలతో భాగించినచో గంటకు 19 కిలోమీటర్లయినను రాదు. అమెరికాను పడమటి తీరము నుండి తూర్పు తీరమునకు దాటు ‘రేస్ అక్రాస్ అమెరికా’ అను పందెమును 2017లో ఒంటరిగా పూర్తిచేసిన మొదటి భారతీయుడు, సైనిక వైద్యుడైన శ్రీనివాస్ గోకుల్‌నాథ్. అతనికి పట్టిన కాలము 11 దినముల 18 గంటల 45 నిమిషములు. దూరము సుమారు 4,900 కిలోమీటర్లు. సగటున గంటకు 17 కిలోమీటర్లు మాత్రమే! గంట కొట్టుదురను భయముతో బడికి పరుగెత్తు పెద్ద తరగతి విద్యార్థి సైకిలు వేగము దీనికి ఎంతో దూరమున లేదు. విద్యార్థి ఆ వేగమును పావుగంట సేపు నిలుపును. గోకుల్‌నాథ్ దానిని తిండి, నిద్ర, మరమ్మతు, విశ్రాంతి అన్నియు కలుపుకొని 282 గంటలు నిలిపెను. భేదమంతయు ఆ నిలుపుటలోనే యున్నది.

దూరపు సైకిలు పందెములకు పుట్టినిల్లు ఫ్రాన్సు దేశము. పురుడు పోసినవి దినపత్రికలు. 1891లో ‘ల పెతీ జూర్నాల్’ అను పత్రిక పారిస్ నుండి బ్రెస్ట్ రేవుపట్టణమునకు పోయి మరల పారిస్ చేరు 1,200 కిలోమీటర్ల పందెమును నడపినది. రెండువందలమందికి పైగా బయలుదేరగా సుమారు నూరుగురు ముగింపు చేరిరి. చార్లెస్ తెరోం అను నతడు నిద్రయన్నది లేక 72 గంటల లోపల వచ్చి గెలిచెను. 1903లో ‘లోటో’ అను మరియొక పత్రిక తన చందాదారులను పెంచుకొనుటకై ‘టూర్ ద ఫ్రాన్స్’ను ఆరంభించినది. ఆ మొదటి ఏట 6 అంచెలలో 2,428 కిలోమీటర్ల దారి. బయలుదేరినవారు 60 మంది, ముగించినవారు 21 మంది. ఈ రెండింటికి నడుమ ఒక ముఖ్యభేదమున్నది. అంచెల పందెములో సాయంకాలము గడియారము నాపుదురు. పందెగాడు తిని పండుకొనును. మొదటి రకములో గడియారము ఆగదు. నిద్రించిన ప్రతి నిమిషమును లెక్కలోనికి వచ్చును. 1982లో నలుగురు మనుష్యులతో మొదలైన అమెరికా పందెము ఈ రెండవ దారిని కాక మొదటి దారినే పట్టినది. ఆ ఏడు గెలిచిన లాన్ హాల్డెమన్‌కు 9 దినముల 20 గంటల 2 నిమిషములు పట్టెను.

గడియారము ఆగనప్పుడు కాళ్ళ బలము ఒక్కటియే చాలదు. పందెగాడు దినమునకు సాధారణ మానవుడు తిను ఆహారమునకు మూడు నాలుగు రెట్లు తినవలెను. అదియు చాల భాగము ద్రవరూపమున, సైకిలు దిగకుండ. అరచేతులు తిమ్మిరెక్కును, ఆసనము రాపిడికి పుండ్లు పడును. దినముల తరబడి తల యెత్తి దారి చూచుటచే మెడ కండరములు పట్టు తప్పి తల వాలిపోవును. ఆ తొలి నలుగురిలో ఒకడైన మైకేల్ షర్మర్ తరువాతి ఏట ఈ బాధ పడినందున దానికి ‘షర్మర్ మెడ’ అను పేరే నిలిచినది. ఇక సహాయకులు. వెనుక బండి నడపువాడు, దారి చెప్పువాడు, వంట చూచువాడు, కండరములు పట్టువాడు, చక్రములు సరిచేయువాడు. ఒంటరి పందెమని పేరేగాని దాని వెనుక ఒక చిన్న కుటుంబమే మేల్కొనియుండును. గోకుల్‌నాథ్ 2016లో మొదటిసారి పోయినప్పుడు పందెమును నడుమనే విడువవలసి వచ్చెను. మరుసటి ఏట గెలుపునకు కారణము కాళ్ళు మాత్రమే కావు. ముందటి ఏటి ఓటమిని కూర్చుండి చదువుకొనుట. అదే ఏట నాగపూరు వైద్యుడు అమిత్ సమర్థ్ అతని వెనుక మూడు గంటల లోపలనే ముగింపు చేరెను. ఆర్మూరును దాటు ఈ రహదారియే ఉత్తరమున నాగపూరునకు పోవును.

ఇంతవరకు చెప్పినది ప్రశంస. కాని విద్యార్థుల ముందు ఈ పందెములను పొగడువారు రెండవ ప్రక్కను దాచరాదు. నిద్ర మానుట వీరత్వము కాదు. అమెరికా పందెమును ఐదుమారులు గెలిచిన స్లొవేనియా దేశస్థుడు యూరె రోబిచ్, నిద్రలేమిచే లేనివారిని ఉన్నట్లు భ్రమించెడివాడు. 2016లో ఒరెగాన్ నుండి వర్జీనియా వరకు, ఎట్టి సహాయకులును లేకుండ సుమారు 6,800 కిలోమీటర్లు జరిగిన ‘ట్రాన్స్ ఆమ్’ పందెము చివరి రాత్రి, ముందున్న స్టెఫెన్ స్ట్రైఖ్ అలసట మైకములో దారి తప్పి వచ్చిన దిక్కుననే వెనుకకు పోసాగెను. రెండవ స్థానమున వచ్చుచున్న లేల్ విల్కాక్స్ అను యువతి అతనికి ఎదురైనది. ఆమె ఆగలేదు, పురుషులందరికంటె ముందుగా 18 దినములకు కొలది నిమిషములు మాత్రమే మించి గమ్యము చేరినది. ఆనాటి కథలో కుందేలు నిద్రించి ఓడిపోలేదు, నిద్రించక ఓడినది. ఎప్పుడు ఆగవలెనో తెలిసికొనుట కూడ నిలకడలో భాగమే.

రెండవ భయము దారి. రోబిచ్ మరణము పందెములో సంభవించినది కాదు. 2010 సెప్టెంబరులో స్వదేశమున కొండదారిని దిగుచుండగా మోటారుకారు తగిలి అతడు చనిపోయెను. వేగవాహనముల కొరకు కట్టిన మన జాతీయ రహదారులపై సైకిలువానికి రక్షణ చాల తక్కువ. పంటకాలమున బస్తాల బండ్లు, లారీలు, ట్రాక్టర్లు రాకపోకలు సాగించు కూడళ్ళలో దినదినము రోడ్డు దాటి బడికి పోవు బాలబాలికలున్నారు. కన్యాకుమారి వీరునికి పూలమాల వేయు సమాజము, ఆ పిల్లలు క్షేమముగా దాటుటకు ప్రక్కదారి యొకటి అడుగకపోవుట న్యాయము కాదు.

అట్లయిన పాఠశాల ఈ పందెముల నుండి గ్రహింపవలసినదేమి? దీనికి సమాధానము ఆ పాత పారిస్–బ్రెస్ట్ దారియందే దొరకుచున్నది. అది కాలక్రమమున పందెముగా ఆగిపోయినది. నేడు నాలుగేండ్ల కొకమారు 90 గంటల గడువుతో జరుగు యాత్రగా నిలిచినది. 2019లోను 2023లోను భారతీయులు వందల సంఖ్యలో అందు పాల్గొనిరి. దానికి అర్హత సంపాదింపగోరువారు తమ దేశముననే 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలను గడువులోపల ముగింపవలెను. ‘బ్రెవే’ అను పేర వ్యవహరింపబడు ఇట్టి యాత్రలు హైదరాబాదులోను జరుగుచున్నవి. 200 కిలోమీటర్లకు గడువు పదుమూడున్నర గంటలు. ప్రతివాని చేతిలోను ఒక చీటి యుండును. దారిలోని తనిఖీ కేంద్రములలో దానిపై ముద్ర వేయుదురు. ఆ కేంద్రములకు మూయు వేళయే కాదు, తెరచు వేళయు కలదు. సగటున గంటకు 15 కిలోమీటర్లకు తగ్గినచో యాత్ర చెల్లదు. 34 కిలోమీటర్లకు మించి వచ్చినను కేంద్రము తెరచువరకు వేచియుండవలసినదే. ముగించినవారిలో మొదటివాడు, కడపటివాడు అను వరుస లేదు. గడువులోపల వచ్చినవాడు వచ్చినవాడే.

ఆర్మూరు రైతుబిడ్డకు ఈ నియమము క్రొత్తగా తోచదు. పసుపును తక్కువ ఉడికించినచో ఎండిన కొమ్ము పెళుసై విరిగిపోవును. ఎక్కువ ఉడికించినచో రంగు చెడును. తొమ్మిది నెలల పంటకు ధర పలుకునది ఈ రెంటి నడుమ నున్న అదనును గుర్తెరిగినవానికే. సేద్యములో తండ్రులు నేర్చిన ఈ మితమును ఆటలలో పిల్లలకు నేర్పుటకు మార్గము లేకపోలేదు.

ఉన్నత పాఠశాలలలో ఏటేట మూడు దినముల సైకిలు యాత్రను ఏర్పరచవచ్చును. దినమునకు 15 కిలోమీటర్లు చాలును. జాతీయ రహదారిని విడిచి, ఊరికిని ఊరికిని నడుమ పోవు లోపలి దారులను ఎన్నుకొనవలెను. దారిలోని గ్రామ పాఠశాలలే తనిఖీ కేంద్రములు. అచ్చటి ఉపాధ్యాయుడే ముద్ర వేయువాడు. తొందరపడి ముందు వచ్చినవాడు వేచియుండవలెను. ఆలస్యమైనవాని కొరకు గడువు ముగియువరకు తలుపు తెరచియుండవలెను. సైకిలు లేని బాలికకు, బాలునకు పాఠశాలయే సైకిలు సమకూర్చవలెను. గాలి పోయిన చక్రమును విప్పి అతుకు వేయుట ప్రతివారును ముందుగా నేర్చుకొనవలెను. తలకు రక్షణటోపీ, త్రాగుటకు నీరు, రాత్రి కంటినిండ నిద్ర—ఇవి నియమములలో మొదటివి కావలెను. మూడు దినములును వచ్చి మూడు చీట్లను చూపిన ప్రతి విద్యార్థికిని ఒకే విధమైన పతకము ఈయవలెను.

వరుస స్థానములు లేనిచో పిల్లలకు ఉత్సాహముండదని కొందరు వాదింతురు. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. నూరు మీటర్ల పరుగును తీసివేయుమని ఎవ్వరును కోరరు. వేగము గల బాలునకు ఆ పరుగుండవలసినదే. కాని ఏ తరగతిలోనైనను వేగము గలవారు నలుగురైదుగురే. నిలకడ నేర్చుకొనగలవారు అందరును. నలుగురి కొరకు ఉత్సవము జరిపి నలువదిమందిని ప్రేక్షకులుగా కూర్చుండబెట్టుట విద్య అనిపించుకొనదు.

ఇట్టి పోషణ దొరికినచో ఏమి జరుగునో ఈ జిల్లావారికి తెలియును. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదువుచు, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. అప్పటికామెకు పదునాలుగేండ్లు నిండలేదు. పర్వతారోహణములో నూరు మీటర్ల పరుగు లేదు. అడుగు వెంట అడుగు వేయుట, ఊపిరి నిలుపుకొనుట, ఆగవలసిన చోట ఆగుట మాత్రమే యున్నవి. ఆమెలోని ఆ శక్తిని గుర్తించుటకు ఒక విద్యాలయమును, కొందరు పెద్దలును పూనుకొనినందున అది లోకమునకు తెలిసినది. పూనుకొనువారు లేని పాఠశాలలలో అట్టి శక్తి ఎంత మరుగున పడిపోవుచున్నదో లెక్క చెప్పగలవారు లేరు.

కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు సైకిలు త్రొక్కుట అందరివలన అగు పని కాదు. అందరును చేయవలసిన పనియు కాదు. కాని గంటకు 17 కిలోమీటర్ల సామాన్య వేగముతో మహాసాధన జరుగునను సత్యము ప్రతి విద్యార్థికిని అందవలసినది. చదువునందు వెనుకబడితినని, ఆటలకు పనికిరానని తన్ను తాను తీసివేసికొన్న బాలునకు ఆ లెక్క ఒక్కటి నల్లబల్లపై వేసి చూపిన చాలును. ఆ తరువాత మైదానములో అతనికి కూడ ఒక చోటు చూపవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది.