ఈశాన్యం సరే, పైపుల సంగతేమిటి?

2024 మే నెలలో నా బల్ల మీద రెండు ఎస్టిమేట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వాస్తు సిద్ధాంతిగారిది. మెట్ల కింద మరుగుదొడ్డి పడగొట్టి మరోచోట కట్టడానికి 96,500, తూర్పు గేటు రెండడుగులు జరపడానికి 85,000, శాంతి హోమానికి 42,000, ఆయన దక్షిణ 11,116. వెరసి 2,34,616 రూపాయలు. ఆ చివరి పదహారు ఎందుకో నన్నడక్కండి. రెండోది ప్లంబింగు మేస్త్రీ చిరిగిన నోటుబుక్కు కాగితం మీద రాసిచ్చింది. ఇల్లంతా పాత జిఐ పైపులు తీసేసి కొత్తవి వెయ్యడానికి, గాళ్ళు కొట్టి మళ్ళీ పూడ్చడంతో సహా, 1,71,300.

నేను రక్షణ పద్దుల శాఖలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి 2019లో రిటైరయ్యాను. చదివింది బి.కాం. ఇంజనీర్ని కాను, డాక్టర్ని అసలే కాను. కానీ బిల్లు చేతికొస్తే మూడు ప్రశ్నలడగడం అలవాటైపోయింది. ఈ ఖర్చు దేనికి? దీనివల్ల ఆ పని అయిందని ఎలా తెలుస్తుంది? కాకపోతే జవాబుదారీ ఎవరు? సిద్ధాంతిగారి కాగితానికి ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మా ఆఫీసులో అయితే ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాళ్ళం. ఇంట్లో అంత సులువు కాదు, అక్కడ ఆబ్జెక్షన్ మన మీదే పడుతుంది.

అసలు సంగతికొస్తాను. సికింద్రాబాదులో మా ఇల్లు మా నాన్నగారు 1987లో కట్టించారు. కింది వాటాలో అద్దెకున్నవాళ్ళ పాప, ఏడేళ్ళది, ఏప్రిల్లో జ్వరంతో మొదలై వారానికల్లా కళ్ళు పచ్చబడ్డాయి. పరీక్ష చేయిస్తే హెపటైటిస్ ఎ అన్నారు. డాక్టరుగారు విశ్రాంతి, తిండి, సొంతంగా ఏ మందూ వెయ్యకూడదు అని చెప్పి పంపితే, పిల్ల తల్లికి అది వైద్యంలాగే అనిపించలేదు. "కామెర్లకి ఇంగ్లీషు మందు లేదు కదండీ" అని పసరు పోయించడానికి తీసుకెళ్ళింది. పాప కోలుకుంది. పేరు పసరుకి వచ్చింది. హెపటైటిస్ ఎ చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గే జబ్బుకి ఏ మందిచ్చినా ఇచ్చినవాడు ధన్వంతరే. అరుదుగా కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికొచ్చిన పిల్లలు మాత్రం పసరువాడి లెక్కలోకి రారు, వాళ్ళు ఆసుపత్రి లెక్కలోకి వెళతారు. జమ అంతా తన పుస్తకంలో, ఖర్చంతా పక్కవాడి పుస్తకంలో. ఇలాంటి పద్దు రాసినవాణ్ణి మా శాఖలో సస్పెండు చేస్తారు.

పాప పడుకున్నప్పుడే మా బావమరిది సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చాడు. "బావగారూ, మీకు నమ్మకం లేకపోతే పోనీండి, అక్క మనశ్శాంతి కోసమైనా" అన్నాడు. ఈ 'మనశ్శాంతి' అనే పద్దు కింద దేశంలో ఎంత డబ్బు ఖర్చు రాస్తున్నారో! సిద్ధాంతిగారు దిక్సూచి పెట్టి ఇల్లంతా తిరిగారు. ఈశాన్యంలో మెట్లు, మెట్ల కింద దొడ్డి, అందుకే పిల్లల మీద పడింది అన్నారు. "పడింది మా పిల్లల మీద కాదు, అద్దెవాళ్ళ పిల్ల మీద" అన్నాను. యజమాని దోషం నివాసి మీద చూపుతుందట. అద్దెతోపాటు అదొకటి మేమిస్తున్నామన్నమాట.

ఆయన అడగని ప్రశ్న ఒకటుంది. వీధి మురిక్కాలవ ఎటు పోతోంది అని. మా ఇంటి సంపు సరిగ్గా ఈశాన్యంలోనే ఉంది, శాస్త్ర ప్రకారం. నాన్నగారు 1987లో మరో సిద్ధాంతిని అడిగి తవ్వించారు. వీధి కాలవ కూడా ఆ మూలనే పోతుంది. నీళ్ళ కనెక్షను పైపు ఆ కాలవ కింద నుంచి దూరి సంపులోకొస్తుంది. వాస్తుకి ఈశాన్యం తెలుసు, కాలవ తెలీదు.

ఇక నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇది దొంగలెక్క అవుతుంది. మేస్త్రీ 2019లోనే చెప్పాడు. "సార్, జిఐ లైఫు అయిపోయింది, పొద్దున్నే ఎర్రనీళ్ళు వస్తున్నాయి చూడండి" అన్నాడు. అప్పుడు నేను ఖర్చుకి భయపడి వాయిదా వేశాను. వేసి ఏం చేశానంటే ఒక టిడిఎస్ మీటరు కొన్నాను. నీళ్ళలో ముంచితే 240 చూపించింది. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా అభ్యంతరం లేదు. ఇంకేం, నీళ్ళు శుభ్రం అని సంతకం పెట్టేశాను. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో. దాన్నిబట్టి కరిగిన లవణాలు అంచనా కడుతుంది, అంతే. రోగక్రిములు దానికి కనపడవు. ఐదేళ్ళపాటు నేను ఆ అంకెని, మా ఆవిడ ఈశాన్యం మూలని నమ్ముకుని కూచున్నాం. ఇద్దరిలో ఎవరు తక్కువ మూఢులో మీరే చెప్పండి.

అదే వారంలో ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా నీళ్ళు, రెండోదాంట్లో తన మెషిను నీళ్ళు. రెండింట్లో కరెంటు కడ్డీలు పెట్టి స్విచ్చి వేశాడు. మా గ్లాసు నిమిషంలో బురదరంగుకి తిరిగింది, వాడిది తేటగా ఉంది. మా ఆవిడ నోరు నొక్కుకుంది. నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి వాడి గ్లాసులో వేసి మళ్ళీ పెట్టమన్నాను. అదీ బురదయింది. కడ్డీల్లో ఇనుము ఉంటుంది. లవణమున్న నీళ్ళలో కరెంటు పారి ఆ ఇనుమే కరిగి తుప్పయి తేలుతుంది. లవణం లేకపోతే కరెంటూ పారదు, రంగూ రాదు. కుర్రాడు పాపం మంచివాడు, తనకి ట్రైనింగులో ఇలాగే చూపించారన్నాడు. ఉప్పు సంగతి వాడికీ తెలీదు.

ఆ తర్వాతే బుద్ధి వచ్చి చెయ్యాల్సిన పరీక్ష చేశాను. హెచ్2ఎస్ సీసాలని ఉంటాయి, చవకైనవి. వాటిలో నీళ్ళు పోసి వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులుంచితే, మలం కలిసిన నీళ్ళయితే నల్లబడతాయి. ఈ పరీక్షని 1982లో లోకానికి చెప్పింది మన గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే. ఆ సంస్థ పద్దులూ మా శాఖే చూస్తుంది గనక కాస్త గర్వపడితే క్షమించండి. ఇది కచ్చితమైన లేబరేటరీ పరీక్ష కాదు, కొన్ని బోరునీళ్ళు ఊరికే కూడా నల్లబడొచ్చు. అందుకని మూడు సీసాలు పెట్టాను. ఒకటి మా సంపులో పడేచోట పట్టిన నీళ్ళు, ఒకటి అదే లైను మీద నాలుగిళ్ళ అవతల కొత్త పైపున్న ఇంటి నీళ్ళు, ఒకటి బాగా మరిగించి చల్లార్చినవి. ఏది ఏదో నాకు తెలియకుండా మా ఆవిడచేత అంకెలు వేయించాను. మర్నాటి సాయంత్రానికి రెండో నంబరు సీసా తారులా ఉంది. మిగతావి రెండూ అలాగే ఉన్నాయి. చీటీ విప్పింది మా ఆవిడే. రెండో నంబరు మా సంపు.

తవ్వించాం. కాలవ కింద పైపు మీద చిటికెనవేలు దూరేంత రంధ్రం. పైన తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తోంది. ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం నాకూ వచ్చింది. పైపులో నీళ్ళు ఒత్తిడితో వస్తాయి కదా, రంధ్రముంటే నీళ్ళు బయటికి పోవాలి గాని మురుగు లోపలికెలా వస్తుంది? మన ఊళ్ళలో నీళ్ళు ఇరవైనాలుగ్గంటలు రావు గదా. వదిలిన గంటా గంటన్నర తప్ప మిగతా వేళ పైపు ఖాళీ. ఖాళీ పైపు చుట్టూ మురుగు నిలిస్తే లోపలికి ఊరుతుంది. దానికి తోడు వేసవిలో ప్రెషరు చాలక లైనుకే మోటారు బిగిస్తాం. వీధిలో అందరూ బిగిస్తారు, నేనూ బిగించాను, అది చెయ్యకూడదని తెలిసే. మోటారు పీల్చేది నీళ్ళనొక్కటే కాదు, రంధ్రం దగ్గర ఏది దొరికితే దాన్ని. పాపకి ఆ మురుగు తాగించింది ఏ దోషమూ కాదు, నా మోటారు. ఆ పాప ఆసుపత్రి ఖర్చులు అందుకే నేను కట్టాను.

ఇంకో చిక్కుంది. హెపటైటిస్ ఎ క్రిమి ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి పదిహేను నుంచి యాభై రోజులు పడుతుంది. అంటే కళ్ళు పచ్చబడ్డ నాటికి తాగిన నీళ్ళు నెలనాటివి. మనిషి నెల వెనక్కి చూడడు, నిన్నటివైపు చూస్తాడు. నిన్న అమావాస్య, మొన్న గృహప్రవేశానికి వెళ్ళొచ్చాం, ఎవరో దిష్టి పెట్టారు. సిద్ధాంతుల వ్యాపారమంతా ఈ నెలరోజుల సందులోనే నడుస్తుంది. 1955-56 చలికాలంలో ఢిల్లీలో దాదాపు 29 వేలమందికి కామెర్లొచ్చాయి. యమున దారి మళ్ళి, నీళ్ళు తోడుకునే చోటికి మురుగు ఎదురొచ్చింది. ఆ 29 వేల ఇళ్ళ ఈశాన్యాలన్నీ ఒకేసారి చెడ్డాయా? 2009 మేలో మన హైదరాబాదు భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయినీళ్ళు తాగి మనుషులు చనిపోయారు. ఆ సందుల్లో ఇళ్ళకి ఏ మూల ఏదో చూసుకునే స్థోమత ఎవరికుంది గనక?

జూన్లో పని మొదలుపెట్టించాం. గోడల్లోంచి తీసిన అరంగుళం పైపుని మేస్త్రీ రంపంతో కోసి చూపించాడు. లోపల తుప్పు గడ్డకట్టి పెన్సిలు దూరేంత సందే మిగిలింది. జిఐ అంటే ఇనుము మీద జింకు పూత. ముందు జింకు తాను అరిగి ఇనుముని కాపాడుతుంది, అది అయిపోయాక ఇనుము వంతు. వేడినీళ్ళు కూడా పోవాలి గనక లోపలంతా సిపివిసి వేయించాను. జాయింట్లకి దాని సొల్యూషనే వాడాలి, చల్లనీళ్ళ పైపుకి పూసేది పూస్తే ఊడుతుంది. కుళాయిలు బిగించే చోట ఇత్తడి మరలున్న ఫిట్టింగులే పెట్టమని పోట్లాడాను, మేస్త్రీ ప్లాస్టిక్‌వి చాలన్నాడు. ఒకచోట మాత్రం తనమాటే నెగ్గింది. వంటింటి సింకు కింద పాత జిఐ ముక్క గట్టిగానే ఉంది, ఉంచేద్దామంటే ఒప్పుకోలేదు. "అంతా మార్చి ఇదొకటుంచితే సార్, రేపు ఇదే లీకై నా పేరు చెబుతారు" అన్నాడు. జవాబుదారీ అంటే ఇదీ. గాళ్ళు మూసే ముందు రాత్రంతా ప్రెషరు కట్టి ఉంచి, పొద్దున ముల్లు దిగలేదని నేనూ మేస్త్రీ ఇద్దరం చూశాకే సిమెంటు పూయించాను. ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటోలు తీసి దాచాను, రేపు ఎవరైనా మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయని. కనెక్షను పైపు కాలవ పైనుంచి తెప్పించి, లైను మోటారు తీసేశాను. సంపు కడిగి క్లోరిన్ వేశాక మళ్ళీ సీసా పరీక్ష చేస్తే నల్లబడలేదు.

మెట్ల కింద దొడ్డి అక్కడే ఉంది. మా ఆవిడ ఇప్పుడు ఆ మాట ఎత్తదు. కానీ మా బావమరిది ఫోను చేసి, సిద్ధాంతిగారు చెప్పిన ఈశాన్యంలోనే కదా బావగారూ లోపం దొరికింది, ఆయన మాటే నిజమైంది అన్నాడు. మరి దొడ్డి పడగొట్టి 2,34,616 కట్టి, పైపు అలాగే ఉంచితే ఏమయ్యేదో కాస్త ఆయన్నే అడిగి చెప్పమన్నాను. ఇంకా ఫోను రాలేదు.

పక్కింటాయనది కూడా 1987 కనెక్షనే, అదే కాలవ కిందనుంచి. జూలై మొదట్లో ఒక సీసా పట్టుకెళ్ళి ఊరికే ఇస్తాను, పరీక్ష చేసుకోండి అన్నాను. "చేస్తే తవ్వాలంటారు, ఎల్లుండి నుంచి ఆషాఢం, ఇంటిపని మొదలుపెట్టకూడదు, వెళ్ళాక చూద్దాం" అన్నారాయన. అప్పట్నించి ఆషాఢం రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ఆయన మనవడు నడక నేర్చాడు. లైను మోటారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి మోగుతూనే ఉంది, మా పడగ్గది కిటికీలోంచి వినిపిస్తుంది.