చైనా గల్లీల్లో హలాల్ హోటళ్లు: గిన్నెడు నూడుల్స్ చుట్టూ నడుస్తున్న రాజకీయం

చైనాలో ఏ పెద్ద నగరానికి వెళ్లినా, బస్టాండ్ దగ్గరో కాలేజీ గేటు పక్కనో ఒక చిన్న హోటల్ తప్పకుండా కనిపిస్తుంది. నాలుగైదు బల్లలు, గోడకు ధరల పట్టిక, తెల్ల టోపీ పెట్టుకుని పిండిని బల్లకేసి కొట్టి సాగదీసే ఒక కుర్రాడు. కౌంటర్ దగ్గర తలకు స్కార్ఫ్ కట్టుకున్న అతని భార్యో వదినో ఉంటుంది. బోర్డు మీద పెద్ద చైనా అక్షరాల్లో ‘లాన్‌జౌ లామియన్’ అని, ఆ పక్కన ‘చింగ్‌జెన్’ అని రాసి ఉంటుంది. చింగ్‌జెన్ అంటే స్వచ్ఛమైనది, సత్యమైనది అని అర్థం. చైనా ముస్లింలు హలాల్‌కు వాడే మాట అదే. కొన్నేళ్ల కిందటి దాకా ఆ మాట పక్కనే అరబీ లిపిలో ‘హలాల్’ అని కూడా ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ భాగం మీద రంగు పూసి ఉంటుంది, లేదా స్టిక్కర్ అంటించి ఉంటుంది.

మన బస్తీల్లో ‘చైనీస్’ అంటే ఫాస్ట్‌ఫుడ్ బండి మీద సోయాసాస్ పోసి వేయించిన నూడుల్స్, చికెన్ మంచూరియా. వాటికీ చైనా వంటకూ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. అసలు చైనాలోనే ‘చైనీస్ వంట’ అనేది ఒక్కటి లేదు. దక్షిణాన అన్నం, ఉత్తరాన గోధుమ, సిచువాన్‌లో మంట పుట్టించే కారం. వాయవ్యంలో, అంటే గాన్సు, చింగ్‌హై, నింగ్‌షియా, షిన్‌జియాంగ్ ప్రాంతాల్లో, గొర్రె మాంసం, గొడ్డు మాంసం, జీలకర్ర, రొట్టె కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి వెళ్లినవాడికి ఈ చివరి వంట కొత్తగా అనిపించదు. షియాన్ నగరంలో ముస్లిం మొహల్లా ఉంది. అక్కడి పెద్ద మసీదును క్రీ.శ. 742లో స్థాపించారని చెబుతారు. ఇప్పుడున్న కట్టడం మింగ్ రాజుల కాలం నాటిది. ఆ మొహల్లాలో ‘పావోమో’ అనే తిండి దొరుకుతుంది. గట్టి రొట్టెను తినేవాడే చేత్తో చిన్న చిన్న ముక్కలుగా తుంచి గిన్నెలో వేసి ఇస్తాడు. వంటవాడు దాని మీద మాంసం, వేడి వేడి షోర్బా పోసి తెస్తాడు. పొద్దున్నే నహారీ, పాయాలో నాన్ ముంచుకుని తినే పాతబస్తీ వాళ్లకు దీన్ని వివరించాల్సిన పని లేదు.

ఈ హోటళ్లను ఎక్కువగా నడిపేది హుయ్ ముస్లింలు. చైనా ప్రభుత్వం గుర్తించిన జాతుల్లో హుయ్‌లు ఒకరు. జనాభా కోటికి పైనే. పట్టుదారి మీదుగా వచ్చిన అరబ్, పారసీ వర్తకుల వారసులు, ఇక్కడి వాళ్లతో కలిసిపోయిన కుటుంబాలు వీళ్లు. మాట్లాడేది చైనా భాషే, ముఖకవళికల్లోనూ పక్కింటి వాళ్లకు తేడా ఉండదు. షిన్‌జియాంగ్‌లోని ఉయిగుర్లది వేరే కథ. వాళ్లది తుర్కీ కుటుంబానికి చెందిన భాష, వాళ్ల మీద పడిన అణచివేత స్థాయీ వేరు. హుయ్‌లు మాత్రం ‘మేం చైనీయులమే’ అని ఎవరికీ రుజువు చేసుకోవాల్సిన అవసరం లేదనుకున్నవాళ్లు. అందుకే వాళ్ల హోటల్ బోర్డు దాకా వచ్చిన ఈ వ్యవహారాన్ని విడిగా చూడాలి.

ముందు తిండి సంగతి. లాన్‌జౌ నగరం గాన్సు రాజధాని, పసుపు నది ఒడ్డున ఉంటుంది. అక్కడి గొడ్డు మాంసం నూడుల్స్‌కు ఇప్పుడున్న రూపం ఇచ్చింది మా బావోజీ అనే హుయ్ ముస్లిం అని, 1915 ప్రాంతంలో కావడి మీద అమ్ముతూ మొదలుపెట్టాడని ఆ ఊరి వాళ్లు చెప్పుకుంటారు. మంచి గిన్నెకు ఐదు గుర్తులు ఉండాలంటారు: తేటగా ఉండే షోర్బా, తెల్ల ముల్లంగి, ఎర్రటి మిరప నూనె, పచ్చటి కొత్తిమీర, వెల్లుల్లి ఆకు, పసుపు రంగు దారాలు. పిండిలో క్షారం కలుపుతారు, దానివల్లే రబ్బరులా సాగుతుంది, ఆ పసుపు ఛాయ వస్తుంది. సాగదీసి మడిచిన ప్రతిసారీ పోగులు రెట్టింపవుతాయి. ఎనిమిది మడతలకు 256 పోగులు. యంత్రం లేదు, కత్తి లేదు, రెండు చేతులే. ఎంత సన్నగా కావాలో, ఎంత వెడల్పు కావాలో తినేవాడే చెబుతాడు. వెంట్రుకంత సన్నం నుంచి నడుం పట్టీ అంత వెడల్పు దాకా అరడజనుకు పైగా రకాలున్నాయి. ఒక్కో గిన్నెకు రెండు మూడు నిమిషాలు చాలు.

ఇదంతా పెద్ద హోటళ్ల వంట కాదు. రిక్షా తొక్కేవాడు, గుమాస్తా, విద్యార్థి పొద్దున పూట తినే నాష్తా. ధర పెరిగితే ఊరంతా గొడవే. 2007లో మాంసం, పిండి రేట్లు పెరిగి హోటళ్ల వాళ్లు గిన్నె ధర పెంచితే లాన్‌జౌ అధికారులు కలగజేసుకున్నారు. మామూలు హోటల్లో పెద్ద గిన్నె 2.5 యువాన్లు దాటకూడదని పరిమితి పెట్టారు. మార్కెట్‌ను వదిలేశామని చెప్పుకునే దేశంలో నూడుల్స్‌కు ధర కట్టడం ఏంటని అప్పట్లో దేశమంతా చర్చ నడిచింది. ఇప్పటికీ లాన్‌జౌలో పది యువాన్లకు అటూఇటూగా కడుపు నిండుతుంది. మన లెక్కలో నూట ఇరవై రూపాయల చిల్లర. బీజింగ్, షాంఘైల్లో అద్దెలు ఎక్కువ కాబట్టి రెట్టింపు దాకా ఉంటుంది.

ఇక్కడో తమాషా ఉంది. దేశమంతా ఉన్న ‘లాన్‌జౌ లామియన్’ హోటళ్లలో ఎక్కువ భాగం లాన్‌జౌ వాళ్లవి కావు. పక్క రాష్ట్రం చింగ్‌హైలోని హువాలోంగ్ అనే కొండ ప్రాంతపు కౌంటీ నుంచి వచ్చిన వాళ్లవి. అది హుయ్‌ల స్వయంపాలిత కౌంటీ, ఒకప్పుడు చైనాలోని బాగా పేద ప్రాంతాల్లో ఒకటి. 1980ల చివర్లో అక్కడి నుంచి కొందరు సముద్రతీర నగరం షియామెన్‌కు వెళ్లి హోటల్ పెట్టారు. ఆ తర్వాత తమ్ముడు, బావమరిది, పక్కింటి వాడు అంటూ గొలుసు కట్టారు. కుర్రాడు ముందు ప్లేట్లు కడుగుతాడు, తర్వాత పిండి పిసకడం నేర్చుకుంటాడు, నాలుగేళ్లకు చుట్టాల దగ్గర చేబదులు తీసుకుని వేరే ఊళ్లో సొంత హోటల్ తెరుస్తాడు. ఇలా రెండొందలకు పైగా నగరాల్లో వేల హోటళ్లయ్యాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన గొలుసు ఎలా సాగిందో ఇదీ అలాగే సాగింది. పిల్లలు ఊళ్లో తాతా నానమ్మల దగ్గర, తల్లిదండ్రులు మూడు వేల కిలోమీటర్ల అవతల పొయ్యి దగ్గర. ఆ బాధ కూడా ఇద్దరికీ ఒకటే.

ప్రభుత్వం దీన్ని అడ్డుకోలేదు సరికదా, నెత్తిన పెట్టుకుంది. ‘లామియన్ ఆర్థికం’ అని పేరు పెట్టి స్థానిక అధికారులు శిక్షణ ఇప్పించారు, అప్పులు ఇప్పించారు. పేదరిక నిర్మూలనకు ఇదో నమూనా అని పత్రికల్లో రాయించుకున్నారు.

అదే ప్రభుత్వం ఆ హోటల్ బోర్డు మీద చెయ్యి వేసింది. ఇస్లాంను ‘చైనీకరణ’ చేయాలన్న విధానం షీ జిన్‌పింగ్ కాలంలో ఊపందుకుంది. 2019 జనవరిలో దీనికోసం ఐదేళ్ల ప్రణాళిక ఒప్పుకున్నట్టు అధికారిక మీడియా ప్రకటించింది. ఆ ఏడాది జులైలో రాయిటర్స్ వార్తాసంస్థ బీజింగ్‌లో తిరిగి రాసిన కథనం సంగతి బయటపెట్టింది. వాళ్లు వెళ్లిన 11 హోటళ్లు, దుకాణాల సిబ్బంది ఒకే మాట చెప్పారు: అరబీలో ఉన్న హలాల్ పదం, నెలవంక వంటి గుర్తులు తీసేయమని అధికారులు చెప్పారని. ఒక నూడుల్స్ షాపు మేనేజర్ అయితే, ఇది విదేశీ సంస్కృతి, మీరు చైనా సంస్కృతిని ఎక్కువగా వాడాలి అని తనతో అన్నట్టు వివరించాడు. బీజింగ్‌లో అప్పటికి కనీసం వెయ్యి హలాల్ దుకాణాలున్నాయి. పెద్ద హోటళ్లు కొన్ని అరబీ తీసేసి చింగ్‌జెన్ అనే చైనా అక్షరాలు పెట్టుకున్నాయి. చిన్నవాళ్లు టేపు అంటించారు.

పైకి చూస్తే ఇది చిన్న విషయమే. చింగ్‌జెన్ అనే మాట ఉందిగా, అదీ హలాలేగా అనొచ్చు. హుయ్‌లలోనే అలా అనుకునేవాళ్లు ఉన్నారు. కానీ బోర్డు ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన అవసరం ఉండేది కాదు. దేశమంతటికీ ఒకే హలాల్ చట్టం తేవాలన్న ప్రయత్నం 2016 నాటికే ఆగిపోయింది. 2017లో మేయ్‌తువాన్ అనే డెలివరీ యాప్ హలాల్ తిండికి విడి డబ్బాలు పెడితే ఆన్‌లైన్‌లో పెద్ద రభస జరిగింది. ముస్లింలకు ప్రత్యేక హక్కులా అని వేలమంది విరుచుకుపడ్డారు. 2018 అక్టోబరులో ఉరుమ్చీ నగర అధికారులు హలాల్ విస్తరణకు వ్యతిరేకంగా ప్రచారోద్యమమే మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టులో నింగ్‌షియాలోని వెయ్‌జౌ పెద్ద మసీదును కూల్చొద్దని వందలమంది హుయ్‌లు మసీదు దగ్గర బైఠాయించారు. 2023 నవంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక నింగ్‌షియా, గాన్సుల్లో మసీదులను ‘విలీనం’ పేరుతో మూసేయడం, గుమ్మటాలు, మీనార్లు తొలగించడం గురించి వివరంగా చెప్పింది. బోర్డు మీది అక్షరాలు ఈ వరసలో ఒక మెట్టు.

అయితే హోటళ్ల వాళ్లంతా పాపం పుణ్యం ఎరగనివాళ్లు అని చెప్పడం కూడా సరికాదు. ఒక హోటల్‌కు కొన్ని వందల మీటర్ల లోపు ఇంకో లామియన్ హోటల్ పెట్టకూడదన్న రాయని కట్టుబాటు వీళ్లలో ఉంది. దాన్ని మీరి పెట్టినవాడి షాపు ముందు గుంపుగా చేరి వ్యాపారం ఆపించిన ఘటనలు షాంఘై వంటి చోట్ల జరిగాయి. ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. కొత్తగా వచ్చినవాడూ చాలాసార్లు ముస్లిమే, అతని కడుపు మీద కొట్టింది సొంతవాళ్లే. కానీ బయట జనం దాన్ని ‘ముస్లింల దౌర్జన్యం’గానే చూశారు. హలాల్ అనే మాటంటేనే చిరాకు పడే వాతావరణం తయారవడంలో ఇలాంటి గొడవల పాత్రా ఉంది.

ఇంకోవైపు మార్కెట్ దెబ్బ. 2021లో షాంఘైలో పెట్టుబడి సంస్థల డబ్బుతో మా జీయోంగ్, చెన్ షియాంగ్‌గుయ్, జాంగ్ లాలా అనే కొత్త చైన్లు విస్తరించాయి. ఏసీ మాల్స్, చెక్క బల్లలు, అదే లాన్‌జౌ నూడుల్స్, గల్లీ హోటల్‌కు మించిన ధర. మూలమీది చిన్న హోటల్ వాడికి ఇంతవరకూ ఉన్న బలం రెండే: చవక ధర, ఇది నిజంగా హలాలేనన్న నమ్మకం. బోర్డు మీద గుర్తు తీసేస్తే రెండోదానికి గండి పడుతుంది.

ఈ నమ్మకం ఎవరికి అవసరమో తెలుగు కుటుంబాలకూ తెలుసు. కోవిడ్‌కు ముందు చైనాలో చదివే భారతీయ విద్యార్థులు సుమారు 23 వేలమంది, వాళ్లలో ఎక్కువమంది ఎంబీబీఎస్ పిల్లలే, తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లూ వారిలో ఉన్నారు. చైనా అక్షరం ముక్క రాని కొత్తల్లో ముస్లిం పిల్లలకు దూరం నుంచే దారి చూపేది అరబీలోని ఆ ఒక్క మాటే. చింగ్‌జెన్ అక్షరాలు గుర్తుపట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. హలాల్ అన్నది చదవడానికి మదరసాలో అలిఫ్, బే నేర్చుకుని ఉంటే చాలు.

మన దగ్గరా బోర్డు గొడవ కొత్తేం కాదు. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ ఉన్న ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించింది. 2024 జులైలో కావడి యాత్ర దారిలోని హోటళ్లపై యజమానుల పేర్లు రాయాలని అక్కడి పోలీసులు ఆదేశించారు. చైనాలో గుర్తు చెరిపేయమన్నారు, ఇక్కడ పేరు బయటపెట్టమన్నారు. ఆదేశాలు ఎదురుబొదురుగా ఉన్నా, రెండుచోట్లా భయపడింది చిన్న హోటల్ వాడే. తేడా ఒక్కటి ఉంది, అది చాలా పెద్ద తేడా. ఇక్కడ కోర్టు తలుపు తట్టే వీలుంది. జులై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. ఏం తిండి అమ్ముతున్నారో చెప్పాలి తప్ప యజమాని పేరు రాయమని బలవంతం చేయకూడదంది. ఆ ధర్మాసనంలో ఒకరు మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్‌.వి.ఎన్. భట్టి. కేరళలో ఉన్నప్పుడు శాకాహారం కోసం ఒక ముస్లిం నడిపే హోటల్‌కు వెళ్లేవాడినని, అక్కడ శుభ్రత బాగుండేదని ఆయన విచారణలో గుర్తు చేసుకున్నారు. బీజింగ్ నూడుల్స్ షాపు మేనేజర్‌కు అలాంటి మాట చెప్పే న్యాయమూర్తి దొరికే అవకాశం లేదు.

అందుకే అక్కడి వాళ్లు వేరే దారులు వెతుక్కుంటున్నారు. కొందరు బోర్డు మార్చి, పేరు మార్చి, పచ్చ రంగు మాత్రం ఉంచుకున్నారు. మందు అమ్మరు, తాగనివ్వరు. హుయ్ హోటళ్ల గోడల మీద ఎప్పటి నుంచో ఉండే ఒక చైనా వాక్యం చాలాచోట్ల ఇంకా అలాగే ఉంది: ‘బయటి తిండి లోపలికి తేవద్దు’. అది అచ్చంగా చైనా భాషలోనే ఉంది కాబట్టి దాన్ని తీసేయమనడానికి ఎవరికీ సాకు లేదు. లోపలికి వచ్చే ముస్లిం దాన్ని చదివి, ఎంత సన్నం నూడుల్స్ కావాలో చెప్పి, బల్ల దగ్గర కూర్చుంటాడు.