నానుతాడుకు ముద్ర లేకపోతేనేం!

చీరాల పక్కనే వాడరేవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి, బీరువాల్లోని బంగారం బయటికొస్తుంది. అలాంటి ఓ వేసవిలో ఒక పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని నగల దుకాణానికి వెళ్లింది. చేతిలో మూడు కాసుల నానుతాడు. అంటే 24 గ్రాములు. 1974లో పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టింది. షాపాయన అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘హాల్‌మార్క్ లేదు కదమ్మా.. నూటికి 75 పాళ్లే లెక్క కడతా’’ అన్నాడు. అంటే చేతికొచ్చేది 18 గ్రాముల విలువ. అదే 22 క్యారెట్లయితే 22 గ్రాములు. మాట తేడాతో అరకాసు గోవిందా!

అసలు 1974 నాటి నగ మీద హాల్‌మార్క్ ఎలా ఉంటుంది? బీఐఎస్ మన దేశంలో బంగారానికి ఆ ముద్ర మొదలుపెట్టిందే 2000లో. అప్పట్లో నగ మీద అయిదు గుర్తులుండేవి.. బీఐఎస్ త్రికోణం, 916 లాంటి స్వచ్ఛత అంకె, పరీక్షా కేంద్రం గుర్తు, దుకాణం గుర్తు, ఏడాదిని చెప్పే ఇంగ్లిషు అక్షరం. ‘ఏ’ ఉంటే 2000, ‘బి’ ఉంటే 2001. 2017లో ఆ అక్షరం తీసేశారు. 2021 జులై నుంచి మూడే గుర్తులు.. త్రికోణం, ‘22కే916’ లాంటి అంకె, ఆరు అంకెలూ అక్షరాలూ కలిసిన హెచ్‌యూఐడీ. ఈ ఆరింటినీ ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే నగ వివరాలు వచ్చేస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదన్నది దుకాణాలకు పెట్టిన నిబంధన. మీ ఇంట్లో ఉన్న పాత నగకు కాదు. దాన్ని ముద్ర లేకున్నా దుకాణానికి అమ్ముకోవచ్చు.

మరి ‘కేడీఎం’ అని ఉంటే? చాలామంది దాన్నే స్వచ్ఛతకు గుర్తనుకుంటారు. కానే కాదు. పూర్వం అతుకులకు రాగి, వెండి ఎక్కువ కలిపిన టంకం వాడేవారు. అతుకులు ఎక్కువున్న నగ కరిగిస్తే వన్నె తగ్గేది. తర్వాత 92 పాళ్ల బంగారంలో 8 పాళ్లు కాడ్మియం కలిపిన టంకం వచ్చింది. ఆ కాడ్మియమే కేడీఎం! దాని పొగ పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతింటాయని దాన్ని పక్కనపెట్టారు. అలాగే ఉత్త ‘22’ అంకె గానీ, దుకాణం పేరు గానీ ఉంటే అది ఆ దుకాణదారు మాట మాత్రమే.

పాత నగ విషయంలో ముందు అడగాల్సింది ‘ఎప్పుడు చేయించారు?’ అని. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, 14 క్యారెట్లకు మించి నగలు చేయకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. 1966లో ఎత్తేసింది. ఆ మూడేళ్లలో పెళ్లయినవాళ్ల నగల్లో బంగారం 58.5 శాతమే ఉండొచ్చు. వాటిని 916 అనుకుని మురిసిపోతే మోసపోయేది మనమే.

అందుకే గొడవ పడేకన్నా పరీక్ష చేయించడం మేలు. గీటురాయి చూసేవాడి కన్ను మీద ఆధారపడుతుంది. బీఐఎస్ గుర్తింపున్న కేంద్రాల్లో మన నగలకూ పరీక్ష చేస్తారు. 2022లో ప్రకటించిన ప్రకారం నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు, అయిదూ అంతకు మించితే ఒక్కోదానికి 45 రూపాయలు. కాగితం కూడా ఇస్తారు. మిషన్ పైపొరనే చూస్తుంది కాబట్టి రెండు మూడు చోట్ల, ముఖ్యంగా అతుకుల దగ్గర పెట్టి చూడమనండి. రాళ్లు, లోపలి లక్క బరువు ఎలాగూ తీసేస్తారు.

వాడరేవు మనవరాలు ఆ పనే చేసింది. ‘‘నాయనమ్మా, ఇవ్వాళ అమ్మొద్దులే’’ అని వెనక్కి తీసుకొచ్చి, మర్నాడు పరీక్షకు పట్టుకెళ్లింది. సగటున 88 శాతం తేలింది. ఇంట్లోవాళ్లు అనుకున్న 916 కాదు, షాపాయన చెప్పిన 75 కూడా కాదు. లెక్కకు 21 గ్రాముల పైచిలుకు. ఆ కాగితం చూశాక పెద్దావిడ అమ్మడం మానేసి తాకట్టు పెట్టింది. పడవ మళ్లీ నీళ్లలోకి దిగాక విడిపించుకుంటుందట.